ఇప్పలవాయి గండి

సముద్రం ఒడ్డున ఎక్కడో తుపాను పట్టిందని సుల్తానాబాద్‌లో రేడియో ఉన్నవాళ్లకు తెలుసు. ఇప్పలవాయిలో రేడియో లేదు. అక్కడికి వాన మాత్రమే వచ్చింది.

పంచాయతీ సమితులు కొత్తగా వచ్చిన రోజులవి. లక్ష్మీరాజం సర్పంచిగా ఎన్నికై రెండో ఏడు నడుస్తోంది. నలభై దాటని మనిషి. ఊళ్లో ఎవరింట్లో పెళ్లయినా చావయినా ముందుగా వెళ్లి నిలబడతాడని పేరు. ఆ ఆశ్వయుజంలో వరి పొట్టకొచ్చి ఉంది. చెరువు నిండి, మిగులు నీరు మత్తడి మీదుగా దూకుతోంది. వాన ముందురోజు మొదలై తెరపి లేకుండా కొడుతూనే ఉంది. మధ్యాహ్నం గొడ్లకాపరి ఒకడు తడిసి ముద్దయి వచ్చి, కట్ట అడుగున బుంగ పడిందని చెప్పాడు.

లక్ష్మీరాజం డప్పు కొట్టించాడు. మగవాళ్లంతా పారలు, తట్టలు, గడ్డిమోపులు పట్టుకుని కట్ట మీదికి పరుగెత్తారు. కింద మొలలావు ధార ఎర్రగా చిమ్ముతోంది. తుమ్మకంప నరికి దాని మీద గడ్డి, గడ్డి మీద మట్టి వేశారు. ధార ఒకచోట ఆగితే పక్కనుంచి వచ్చింది.

వాళ్లలో అంతయ్య ఉన్నాడు. ఊరి నీరటి. తూము ఎత్తడం, దించడం, ఏ మడికి ఎంతసేపు నీళ్లు పోవాలో చూడడం తాత కాలం నుంచీ వాళ్లింటి పని. పొడుగాటి మనిషి, మాట తక్కువ. ఇంట్లో తల్లి లస్మవ్వ, భార్య భూమవ్వ. పిల్లలు లేరు.

"పటేలా, పెద్ద తూము గూడ ఎత్తుత. నీళ్లు జర గుంజితె కట్ట మీద బరువు తగ్గుతది," అన్నాడు అంతయ్య.

తూము బుంగకు అవతల ఉంది. లక్ష్మీరాజం తల ఊపాడు. అంతయ్య వానలో కట్ట మీదుగా నడిచివెళ్లి తూము ఎత్తి, చేతికర్ర ఊతంగా తిరిగి వస్తున్నాడు. దీపాలు పెట్టే వేళ. అతను బుంగ పైకి వచ్చేసరికి కట్ట ఒక్కసారి కూర్చున్నట్టు దిగింది.

"ఉరుకుండ్రి! ఉరుకుండ్రి!" అని లక్ష్మీరాజం అరిచాడు. ఇటువైపు ఉన్నవాళ్లంతా ఇటే పరుగెత్తారు. లక్ష్మీరాజం వెనక్కి తిరిగి చూసినప్పుడు అంతయ్య జారుతున్న మట్టి మీద నిలబడే ఉన్నాడు. ఒక చేయి పైకెత్తాడు. పట్టుకోమనో, రావద్దనో తెలియదు. ఆ తర్వాత అక్కడ మనిషీ లేడు, మట్టీ లేదు. చెరువంతా ఆ సందులోంచి పడుతున్న చప్పుడు మిగిలింది.

మర్నాడు వాన వెలిసింది. చెరువులో ఒండ్రు, అక్కడక్కడ నీటి గుంటలు, మధ్యలో ఎగువనుంచి వస్తున్న వాగుపాయ మిగిలాయి. దిగువ మళ్లలో పంట పడుకుంది. వాగు పక్క పొలాలమీద ఇసుక మేటలు వేసింది. ఊరంతా రెండు పాయలుగా చీలి మానేరు దాకా వెతికారు. కంపచెట్లలో చూశారు. బావుల్లో చూశారు. వరద తెచ్చిపెట్టిన ప్రతి చెత్తకుప్పనూ కర్రలతో కదిలించారు. అంతయ్య తలరుమాలు మాత్రం దొరికింది, గండికి కూతవేటు దూరంలో ఒక తుమ్మకొమ్మకు చిక్కుకుని.

గండి పడినచోట నీళ్లు దూకి దూకి పెద్ద మడుగు తవ్వాయి. రెండు నిలువుల లోతు, అంతా బురద. అంతయ్య నేరుగా కిందికి పడ్డాడని చూసినవాళ్లు చెప్పారు. తలరుమాలూ అక్కడికి దగ్గర్లోనే దొరికింది. ఇక అతను మడుగులోనే ఉన్నాడని ఎవరూ ప్రత్యేకంగా నిర్ణయించకుండానే అందరూ అనుకున్నారు. భూమవ్వ వచ్చి మడుగు ఒడ్డున కూర్చుంది. కళ్లు సరిగా ఆనని లస్మవ్వ కోడలి భుజం పట్టుకుని పక్కనే కూర్చుంది. ఎవరు చెప్పినా ఇద్దరూ లేవలేదు.

ఆ సాయంత్రం సమితి నుంచి ఓవర్సీరు దయాకర్‌రావు వచ్చాడు. రోడ్డు మీద మోరీ కొట్టుకుపోవడంతో జీపు అక్కడే వదిలి, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, చెప్పులు చేతపట్టుకుని నడిచి వచ్చాడు. గండిని ఈ చివరినుంచి ఆ చివరిదాకా టేపుతో కొలిచాడు. వాగుపాయను, తూర్పు ఆకాశాన్ని చూశాడు.

"మళ్లా వాయుగుండం ఉందట. పెద్దపల్లి నుంచి వడ్డెరవాళ్లను పంపిస్తున్న. ఇసుక సంచులు, బండ్లు వస్తయి. రేపు పొద్దున్నే మొదలుపెట్టాలె, లక్ష్మీరాజం గారూ. గండి ఇట్లనే ఉండంగ ఇంకో వాన పడ్డదంటే వరద సీదా ఆ గూడెం మీదికి పోతది."

గండికి ఎదురుగా పల్లంలో ముప్ఫయి గుడిసెల గూడెం ఉంది. నిన్నటి నీళ్లు దాన్ని ఒరుసుకుంటూ పోయాయి. నాలుగు గోడలు పడ్డాయి గానీ మనుషులు బతికారు.

"సారూ, ఆ మడుగుల మా మనిషి ఉన్నడు," అన్నాడు లక్ష్మీరాజం.

ఓవర్సీరుకు అప్పుడు ఒడ్డున కూర్చున్న ఆడవాళ్లు ఎవరో అర్థమైంది.

"మడుగు వదిలిపెట్టి పక్కకెళ్లి కట్ట తిప్పరాదా సారూ? లోపటికెళ్లి?"

"చూసిన. లోపల అంతా ఒండ్రే. కాలు పెడితే మోకాలి దాకా దిగుతున్నది. దాని మీద కట్ట పోస్తే నిలువది. పాత కట్ట జాగలోనే పొయ్యాలె, మడుగు పూడ్చే పొయ్యాలె." దయాకర్‌రావు మడుగు వైపు చూడకుండా అన్నాడు. "రేపొక్క రోజు తోడుకోండి. సంచులు నింపే పని ఎట్లాగూ ఉంటది. ఎల్లుండి పొద్దున మాత్రం ఆగలేను."

మర్నాడు ఊళ్లో ఉన్న గూడలన్నీ మడుగు దగ్గరికి వచ్చాయి. ఇద్దరిద్దరు చొప్పున ఎదురుబదురుగా నిలబడి, తాళ్లు పట్టి గూడలు ఊపి నీళ్లు బయటికి విసిరారు. రెండు మోటలు కట్టారు. చేతులు బొబ్బలెక్కినవాళ్లు పక్కకు తప్పుకుంటే ఆడవాళ్లు అందుకున్నారు. చేపలు పట్టే బుచ్చిరాములు నడుముకు తాడు కట్టుకుని మళ్లీ మళ్లీ మునిగాడు. ఒకసారి విరిగిన కాడి తెచ్చాడు. ఒకసారి తుమ్మకంప తెచ్చాడు. అతను తల పైకెత్తిన ప్రతిసారీ భూమవ్వ లేచి నిలబడేది. మళ్లీ కూర్చునేది.

"అడుగున ఇసుక పొర్లుతున్నదే. కాలు గుంజుతున్నది. చెయ్యికి ఏం తాకుతలేదు," అన్నాడు బుచ్చిరాములు వణుకుతూ.

ఎంత తోడినా ఎగువనుంచి ఊట వస్తూనే ఉంది. పొద్దువాలే వేళకు నీళ్లు నడుములోతు తగ్గాయేమో, అంతే. తూర్పున మబ్బు ముసిరింది. గాలి చల్లగా తగిలింది. గూడలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. అందరూ లక్ష్మీరాజం వైపు చూశారు.

లక్ష్మీరాజం వెళ్లి భూమవ్వ ముందర నేల మీద కూర్చున్నాడు.

"చెల్లె, మబ్బు పట్టింది."

"చూత్తున్న పటేలా."

"రేపు పొద్దుగాల మట్టి పొయ్యాలె."

భూమవ్వ మడుగు వైపు తిరిగి, "మొఖం జూడకుంట మన్నెట్ల పోత్తరు?" అంది.

"కింద గూడెంల పసిపిల్లలున్నరు. మల్ల వరదొస్తె..."

"నాకెరుక లేదా? మా అక్క గా గూడెంలనే ఉన్నది." గొంతు పెరిగి, వెంటనే తగ్గింది. "ఒద్దంటలేను పటేలా. ఒక్కటి చెప్పు. నువ్వు చూసినవట గద. ఈడనే పడ్డడా?"

"ఈడనే పడ్డడు. నా కండ్లతోని చూసిన."

"ఈడనే ఉన్నడా?"

లక్ష్మీరాజం చూసింది పడడమే. నీళ్లు మనిషిని ఎటు తీసుకుపోయాయో అతనేం చూడలేదు. కానీ ఆమె కళ్లలోకి చూస్తూ తెలియదని అనలేకపోయాడు. పైగా తనకూ అదే నమ్మకం.

"ఉన్నడు, చెల్లె."

అంతవరకూ పలకని లస్మవ్వ అప్పుడు నోరు తెరిచింది. "మా ఇంట్ల కాలబెట్టుడు లేదు కొడుకా, పూడ్చుడే. వీని బాపును గూడ పూడ్చినం. నా కొడుకు పుట్టి పెరిగింది గీ కట్ట మీదనే. గీడ పండుతె పండనియ్. గని ముందుగాల మన్ను ఇంటోళ్లు ఎయ్యాలె. బండ్లు తర్వాత రావాలె. గంతె."

లక్ష్మీరాజం కండువా నోటికి అడ్డం పెట్టుకుని తల ఊపాడు.

మర్నాడు తెల్లవారి, మొరం నింపిన బండ్లు కట్ట పొడవునా వరసగా ఆగాయి. వడ్డెరవాళ్లు పారలు దింపి నిలబడ్డారు. ఊరి డప్పులు వచ్చాయి. లస్మవ్వను ఇద్దరు పట్టుకుని మడుగు అంచుకు తీసుకొచ్చారు. కొత్తబట్ట, పసుపు, కుంకుమ, బియ్యం నీళ్లలో వదిలారు. ముసలమ్మ గుప్పెడు మట్టి తీసుకుని, "పోయిరా కొడుకా," అని వేసింది. భూమవ్వ మట్టి చేతిలోకి తీసుకుంది గానీ వేయలేకపోయింది. పిడికిలి బిగించి అలాగే నిలబడింది. డప్పులు మోగుతున్నాయి. పక్కన ఎవరో ఆమె చేయి పట్టుకుని మెల్లగా విప్పారు. మట్టి జారి పడింది.

దయాకర్‌రావు చెప్పులు విడిచి దూరంగా నిలబడ్డాడు. ఎవరినీ తొందరపెట్టలేదు. డప్పులు ఆగాక లక్ష్మీరాజం వైపు చూసి తల ఊపాడు. మొదటి బండి వెనక్కి వచ్చి మడుగులోకి ఒరిగింది.

ఆ రోజూ, మర్నాడూ ఊళ్లో పొయ్యి వెలిగిన ఇల్లు తక్కువ. రాళ్లు, ఇసుక సంచులు, మొరం, బంకమట్టి. పిల్లలు కాళ్లతో మట్టి తొక్కారు. వడ్డెరవాళ్లు పాట లేకుండా పనిచేశారు. రెండోరోజు భూమవ్వ కూడా వచ్చి తట్ట ఎత్తుకుంది. వద్దని ఎవరన్నా వినలేదు. గండి మూసి, కట్ట ఎత్తు కలిసి, పైన రాయి పరుస్తుండగా వాన అందుకుంది. ఓవర్సీరూ సర్పంచీ కట్ట మీదే గొడుగు కింద నిలబడి కొత్త మట్టి వైపు చూస్తూ ఉన్నారు. వాగు పొంగింది. నీళ్లు చెరువులోకి మళ్లాయి. కొత్తమట్టి కొద్దిగా కుంగింది గానీ జారలేదు. గూడెంలో ఆ వాన నీళ్లే తప్ప వరద నీళ్లు రాలేదు.

"కట్ట నిలిచింది," అన్నాడు దయాకర్‌రావు. అతని గొంతులో సంతోషం లేదు. జీపు దాకా నడుస్తూ, "ఆ ఇంటికి ఏమైనా ఇప్పించగలనేమో రాసి చూస్త," అన్నాడు. రాశాడో లేదో, వచ్చిందైతే లేదు.

దినాలు కట్ట మీదే చేశారు. పంచాయతీలో లక్ష్మీరాజం పట్టుబట్టి నీరటిపని భూమవ్వకే ఇప్పించాడు. ఆడమనిషి తూమెత్తుడేందని కొందరు గొణిగారు గానీ అంతయ్యను తలచుకుని ఊరుకున్నారు. పడుకున్న పంట పోగా మిగిలిన వరికి ఆమె నీళ్లు పారించింది. రోజూ పొద్దున్నే కట్ట మీదికి వెళ్లి, కొత్తమట్టి ఉన్నచోట కాసేపు కూర్చునేది. దారినపోయేవాళ్లకు ఆమె మాటలు వినపడేవి. ఫలానావాళ్ల మడికి నిన్న నీళ్లు అందలేదని, అత్తకు దగ్గు తగ్గలేదని, ఎర్రావు చూడి కట్టిందని. నెమ్మదిగా ఆమె మొహంలో కళ వచ్చింది. అది చూసినప్పుడల్లా లక్ష్మీరాజానికి ఆనాడు పని ఆపకపోవడమే మంచిదయిందని అనిపించేది.

కోతలయ్యాక, చలి ముదిరిన రోజుల్లో, వాగు పక్కన పొలం ఉన్న లచ్చయ్య తన మడిలో మేటవేసిన ఇసుకను ఎడ్లతో గుంజి పక్కకు పోయిస్తున్నాడు. పొద్దెక్కిన వేళ అతను పని ఆపి, ఎడ్లను విడిచి, తానే పరుగెత్తుకుంటూ సర్పంచి ఇంటికి వచ్చాడు. వాకిట్లో రొప్పుతూ నిలబడ్డాడు.

"ఏమైంది లచ్చన్నా?"

"నువ్వు రా. ఎవలకు చెప్పకు. ముందుగాల నువ్వు రా."

లక్ష్మీరాజం వెళ్లి చూశాడు. ఇసుక కింద చేయి ఎముక, దానికి వెండికడెం. అంతయ్య కుడిచేతి కడెం. ఇసుకను ఇద్దరూ చేతులతో తీశారు. మనిషి పక్కకు ఒత్తిగిల్లి పడుకున్నట్టు ఉన్నాడు. పంచె అంచు ఇంకా మిగిలి ఉంది.

లక్ష్మీరాజం గట్టు మీద కూలబడ్డాడు. వెతికిన రోజు తాము ఈ దారినే మానేరు దాకా వెళ్లారు. ఈ మేట ఎత్తుగా ఉందని దీని మీదికెక్కే నలుదిక్కులా చూశారు. తాను కూడా ఎక్కాడు.

"చెప్పుదామా?" అన్నాడు లచ్చయ్య నెమ్మదిగా. "గామె ఇప్పుడిప్పుడే జర నెమ్మదైంది. ఇసుక మల్ల కప్పుత అంటె కప్పుత పటేలా. నా మడి. నా నోట్లకెళ్లి మాట రాదు."

లక్ష్మీరాజానికి కప్పెయ్యమని నాలుక చివరిదాకా వచ్చింది. కప్పితే ఎవరికీ ఏమీ కాదు. కట్ట మీద ఆమె మాట్లాడుకుంటూనే ఉంటుంది. కానీ ఈ మడి మళ్లీ దున్నుతారు. వచ్చే ఏడు ఈ కడెం నాగలికి తగిలితే అప్పుడెవరు కప్పుతారు? అంతకంటే, ఆమె మొగుడు ఎక్కడున్నాడో తనకు తెలిసి, ఆమెకు తెలియకుండా ఆమె ముందు రోజూ తిరగడం తనవల్ల కాదనిపించింది.

"ఈడనే ఉండు. తీసుకొస్త," అని లేచాడు.

భూమవ్వ తూము దగ్గర నాచు తీస్తోంది. లక్ష్మీరాజం మొహం చూడగానే చేతిలోది వదిలేసింది. అతని వెంట నడిచింది. మడి దగ్గరికి వచ్చాక లచ్చయ్య పక్కకు తిరిగి నిలబడ్డాడు. ఆమె కూర్చుని, కొంగుతో కడెం మీది ఇసుక తుడిచింది. కడెం చివర్లు ఒకచోట కొద్దిగా వంకర. దాన్ని వేలితో తడిమింది.

"ఆయనే," అంది.

ఏడవలేదు. తల ఎత్తకుండానే, "గిన్ని దినాలు నేనెవలతోని మాట్లాడిన పటేలా?" అంది.

"చెల్లె, నాకు గట్లనే అనిపించింది. నేను గూడ నమ్మిన..."

"ఒక్కడే ఉన్నడు గద ఈడ. డప్పులు అక్కడ కొట్టిచ్చిన్రు. కొత్తబట్ట అక్కడ ఇడిసిన్రు. ఈడ ఇసుకల ఒక్కడే ఉన్నడు." అప్పుడు ఆమెకు ఏడుపు వచ్చింది. కట్ట తెగిన రోజు కంటే ఎక్కువగా వచ్చింది. లక్ష్మీరాజం ఏమీ చేయలేక, వెళ్లిపోనూలేక అక్కడే నిలబడ్డాడు.

లస్మవ్వ రావడానికి ఒప్పుకోలేదు. అరుగు మీద కూర్చుని కోడలు చెప్పిందంతా విని, తల అడ్డంగా ఊపింది.

"ఎండికడెం ఎవల చేతికుండది బిడ్డా? వరదల ఏ ఊరోడు కొట్టుకచ్చిండో పాపం. నా కొడుక్కు నా చేతులతోని నేను మన్నేసిన. ఒక్కపారి ఏసినంక మల్ల ఏస్తరా?"

"ఆయనే అత్తా. నేను తడిమి చూసిన."

"గాడెవడో గని, పూడ్చుండ్రి. దిక్కులేని పీనుగను పూడ్చుడు పుణ్యం. నేనైతె రాను."

లచ్చయ్య పొలం గట్టున, మోదుగు పొద పక్కన, ఆ సాయంత్రమే పూడ్చారు. డప్పులు లేవు. లక్ష్మీరాజం, లచ్చయ్య, బుచ్చిరాములు గొయ్యి తవ్వారు. ఈసారి భూమవ్వ మట్టి తానే వేసింది.

ఆ తర్వాత ఆమె కట్ట మీద కూర్చోలేదు. తూము పనికి వెళ్లినప్పుడు కొత్తమట్టి మీదుగా ఆగకుండా నడిచి వెళ్లేది. లక్ష్మీరాజంతో నీళ్ల సంగతి తప్ప మరో మాట మాట్లాడేది కాదు. అది కోపమో కాదో అతనికి తెలియలేదు. అడిగే ధైర్యం రాలేదు. ముసలమ్మ మాత్రం ఎవరు దొరికితే వాళ్ల చేయి పట్టుకుని కట్ట మీదికి వెళ్లి వచ్చేది. అత్తాకోడళ్లు ఆ విషయం మీద మళ్లీ వాదులాడుకోలేదు. ఒకే ఇంట్లో, ఒకే కుండలో వండుకుని తిన్నారు.

ఏడు తిరిగి పెత్రమాస వచ్చింది. పోయినవాళ్లకు అన్నం పెట్టే అమావాస్య. చెరువు ఆ ఏడు మామూలుగానే నిండింది. పొద్దున లక్ష్మీరాజం చేనుకు పోతూ నీరటివాళ్ల ఇంటి ముందర ఆగాడు. భూమవ్వ గారెలు, అన్నం, పప్పు రెండు మోదుగాకుల్లో సర్దుతోంది. ఒకటి అత్త చేతిలో పెట్టి, రెండోది తాను తీసుకుని, ఆమె వాగు దారిన వెళ్లిపోయింది. లస్మవ్వ కర్రతో తడుముకుంటూ కట్ట వైపు తిరిగింది. ఆమె చూపు అప్పటికి పూర్తిగా పోయింది.

లక్ష్మీరాజం వెళ్లి ముసలమ్మ చేయి పట్టుకున్నాడు.

"ఎవలు? రాజమేనా?"

"నేనే అవ్వా. నడువు."

కట్ట ఎక్కడం కష్టమైంది. రెండుచోట్ల ఆగి ఊపిరి తీసుకుంది. పైకి వచ్చాక గాలి తగిలి నీళ్ల వాసన పీల్చింది. కొత్తమట్టి ఎక్కడుందో ఇప్పుడు కళ్లున్నవాళ్లకైనా గుర్తుపట్టడం కష్టం. గడ్డి మొలిచి పాతకట్టలో కలిసిపోయింది.

"సరింగ చెప్పు కొడుకా. పక్కకు పెడితె వానికి అందది. ఏడ ఉన్నడు?"

వాగు వైపు దూరాన భూమవ్వ గట్టు దగ్గర వంగి ఆకు పరుస్తున్నది కనిపించింది. లక్ష్మీరాజం ఆ వైపు చూశాడు. తర్వాత ముసలమ్మను నాలుగడుగులు నడిపించి, రాయి పరిచినచోట కూర్చోబెట్టాడు. ఆమె చేతిని నేలకు తాకించాడు.

"గిదే జాగ అవ్వా," అన్నాడు.

లస్మవ్వ ఆకు విప్పి కాకుల్ని పిలిచింది. అవి దిగి తినేదాకా కొడుకుతో ఏదో చెప్పుకుంటూ కూర్చుంది. ఆమె ఒంటరిగా దిగలేదు కాబట్టి లక్ష్మీరాజం కదలకుండా నిలబడ్డాడు. కిందికి దించేసరికి భూమవ్వ వాగు దగ్గరినుంచి తిరిగివచ్చి కట్ట మొదట్లో నిలబడి ఉంది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. లక్ష్మీరాజం చేతిలోంచి అత్త చేయి అందుకుంది.

"తిన్నయా కాకులు?" అని అడిగింది అత్తను.

"తిన్నయి బిడ్డా. కడుపునిండ తిన్నయి."

"పా, ఎండ ముదురుతున్నది," అని భూమవ్వ ఆమెను నడిపించుకుంటూ ఇంటి దారి పట్టింది.